బడికి కళాకారుడు వచ్చాక: చిన్నపిల్లల గదిలో ఇద్దరు పెద్దలు పని పంచుకునే తీరు

సంక్షిప్తంగా: చిన్నపిల్లలతో కళాకారుడు, టీచరు కలిసి చేసే ప్రాజెక్టు చెడిపోయేది ఎక్కువగా పిల్లల ముందు కాదు, పిల్లలు ఇళ్లకు వెళ్లాక. ఆ రోజు ఏం జరిగిందో ఇద్దరూ కూర్చుని చూసుకునే గంటకు టైంటేబుల్లో చోటు లేకపోతే కళాకారుడి రాక ఒక ప్రదర్శనగా మిగులుతుంది. ఇటలీలోని రెజ్జో ఎమీలియా నగరం ఆ గంటను జీతంలో భాగం చేసి ఈ పద్ధతిని అరవై ఏళ్లుగా నడుపుతోంది. అది ఎలా పనిచేస్తుంది, మన తోలుబొమ్మల వారితోనో కుమ్మరితోనో అదే పని పెట్టుకుంటే ఏమేం కావాలి, ఎక్కడ తేడా కొడుతుంది అన్నది ఈ వ్యాసంలో విషయం.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు

ప్రతి పాఠశాల, లేదా ప్రతి పాఠశాలల సముదాయం, తన దగ్గరే ఉండి పనిచేసే ఒక కళాకారుణ్ణి పెట్టుకునే దిశగా సాగాలని జాతీయ విద్యా విధానం 2020 చెప్పింది. స్థానికంగా పేరున్న చేతివృత్తుల వారిని, రచయితలను, కళాకారులను బోధకులుగా తీసుకోవచ్చని కూడా రాసింది. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటను ప్రధాన మార్గంగా తీసుకుంది. 2023 ఫిబ్రవరిలో ‘జాదూయీ పిటారా’ పేరుతో ఆటవస్తువులు, పజిళ్లు, బొమ్మల కార్డుల పెట్టె విడుదలైంది.

కాగితం మీద దారి తెరుచుకుంది. చట్టంలో మాత్రం ఒక ఖాళీ అలాగే ఉంది. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలు చిత్రకళ బోధనకు పార్ట్‌టైమ్ బోధకుణ్ణి 6 నుంచి 8 తరగతులకే, అదీ వందకు మించి పిల్లలున్న బడులకే లెక్కగట్టింది. చేతితో తాకి, నలిపి, గీసి నేర్చుకునే వయసు పిల్లలకు ఆ లెక్కలో ఎవరూ లేరు. అందుకే ప్రాథమిక తరగతుల్లోకి కళాకారుడు వస్తే అతిథిగానే వస్తాడు. పొద్దున వస్తాడు, నలభై మంది పిల్లల ముందు బొమ్మ గీసి చూపిస్తాడు, పిల్లలు అదే బొమ్మ గీస్తారు, ఫొటో దిగుతారు.

తల్లిదండ్రుల అయోమయం కూడా ఇక్కడిదే. డ్రాయింగ్ మాస్టారు వస్తే ఇంటికి బొమ్మ వస్తుంది. ప్రాజెక్టు అంటే మూడు వారాలైనా ఇంటికి ఏమీ రాదు, చొక్కా నిండా మట్టి తప్ప. ఏం నేర్పుతున్నారని అడగడం సహజం. ఆ ప్రశ్నకు టీచరు దగ్గర జవాబు ఉండాలంటే ప్రాజెక్టు లోపలి అమరిక తెలిసి ఉండాలి.

రెజ్జో ఎమీలియా: ఆర్టిస్టుకు గది, జీతం, మాట

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945 వసంతంలో రెజ్జో ఎమీలియా దగ్గరి విల్లా చెల్లా అనే పల్లెలో జనం తమ పిల్లలకు బడి కట్టుకోవాలనుకున్నారు. వెనుదిరిగిన జర్మన్ సైన్యం వదిలేసిన ఒక ట్యాంకు, కొన్ని ట్రక్కులు, గుర్రాలు అమ్మి డబ్బు సమకూర్చుకున్నారు. ఆ కబురు విని సైకిల్ మీద చూడ్డానికి వెళ్లిన యువ ఉపాధ్యాయుడు లోరిస్ మలగూత్సి (1920–1994) తరవాత ఈ పద్ధతికి రూపకర్త అయ్యాడు. 1963లో నగర పాలక సంస్థ సొంతంగా మొదటి శిశు పాఠశాల తెరిచింది.

మలగూత్సి తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా ఎక్కువ చర్చకు వచ్చింది ఒకటుంది. బడిలో ఒక స్టూడియో ఉండాలి, అందులో పూర్తికాలం ఒక కళాకారుడు ఉండాలి, ఆ వ్యక్తి ఉపాధ్యాయ శిక్షణ నుంచి కాక కళ నుంచి రావాలి. ఆ ఉద్యోగానికి ‘అతెలియెరిస్తా’ అని పేరు. వేయా వెక్కి 1970లో దియానా బడిలో ఆ పనిలో చేరి దశాబ్దాలపాటు అక్కడే పనిచేశారు. 1991లో న్యూస్‌వీక్ పత్రిక ప్రపంచంలోని మేటి బడుల జాబితాలో దియానాను చేర్చాక బయటి దేశాల కళ్లు ఈ ఊరి మీద మరింతగా పడ్డాయి.

పేరు తెచ్చింది పిల్లల బొమ్మల అందం. దాన్ని నడిపించింది మాత్రం ఉద్యోగ నిబంధన. ప్రతి తరగతికి సమాన హోదాలో ఇద్దరు టీచర్లు. వారి వారం 36 గంటలు. అందులో దాదాపు 5, 6 గంటలు పిల్లలు లేని పనికి: సమావేశాలు, ప్రణాళిక, పిల్లల మాటలు రాసిపెట్టడం, ఫొటోలు సర్దడం. కళాకారుడు టీచర్లతో కూర్చునే వీలు ఆ గంటల వల్లే వచ్చింది. చాలా దేశాలు స్టూడియోను నకలు చేశాయి, అద్దాలూ, కింది నుంచి వెలుగొచ్చే లైట్ టేబుళ్లూ కొన్నాయి. ఆ గంటలను మాత్రం నకలు చేయలేదు.

ఒక ఉదాహరణ చూస్తే సంగతి స్పష్టమవుతుంది. లా విల్లెత్తా అనే బడిలో పెరట్లోకి వచ్చే పిట్టల కోసం పిల్లలు ముందు ఒక చిన్న నీటి మడుగు చేశారు. 1990ల మొదట్లో అది పిట్టల కోసం వినోద ఉద్యానం కట్టాలనే ఆలోచనగా పెరిగింది. టీచరు అమెలియా గంబెత్తి, అతెలియెరిస్తా జొవాన్ని పియాజ్జా ఆ పనిలో ఉన్నారు. ఫౌంటెన్లు కట్టాలని పిల్లలు అనుకున్నాక పెద్దలు వెంటనే పనిముట్లు చేతికివ్వలేదు. ఊళ్లో ఉన్న ఫౌంటెన్లు చూపించారు, గీయించారు. ఫౌంటెన్‌లోకి నీరు ఎక్కడి నుంచి వస్తుందని ఒక్కొక్కరు అనుకుంటున్నారో అడిగి రాసుకున్నారు. గీసినదాన్ని మట్టిలో, కాగితంలో చేయించారు. చదునైన కాగితం మీద కుదిరిన ఫౌంటెన్ మట్టిలో నిలబడదు. నిలబడకపోవడంతోనే పిల్లాడికి కొత్త ప్రశ్న పుడుతుంది. ఒక పదార్థంలో రూపం తీసుకున్న ఊహను ఇంకో పదార్థంలోకి మార్పించడం ఈ పద్ధతి మొత్తానికి ఇరుసు. ఆ మార్పు ఎప్పుడు చేయించాలో టీచరుకు తెలుస్తుంది, ఏ పదార్థంలోకి మార్చాలో కళాకారుడికి తెలుస్తుంది.

మన దగ్గరా పాత దారులున్నాయి

శాంతినికేతన్‌లో రవీంద్రనాథ్ టాగూరు బెంగాలీ వాచకం ‘సహజ్ పాఠ్’ రాసినప్పుడు (1930) బొమ్మలు చిత్రకారుడు నందలాల్ బోస్ లినోకట్‌లో (లినోలియం పలక మీద చెక్కి అచ్చువేసే పద్ధతిలో) చెక్కారు. అక్షరమూ బొమ్మా ఒకే పేజీలో సమాన బరువుతో కూర్చున్న వాచకం అది. అక్కడ చదువుకున్న దేవీప్రసాద్ 1944లో గాంధీ ఆశ్రమం సేవాగ్రామ్ చేరి, చేతిపని ద్వారా చదువు చెప్పే నయీ తాలీమ్ బడిలో పిల్లలకు కళ నేర్పారు. ఆయనలో కుమ్మరీ చిత్రకారుడూ టీచరూ ఒకరే. అలాంటి మనిషి దొరికితే సరే. ప్రతి మండలంలో దొరకడు కాబట్టే ఇద్దరు మనుషుల మధ్య పని ఎలా పంచాలన్న ప్రశ్న వస్తుంది.

ఇంగ్లండ్ ఆ ఇద్దరి మధ్య మూడో మనిషిని పెట్టి చూసింది. 2002లో మొదలైన క్రియేటివ్ పార్ట్‌నర్‌షిప్స్ పథకంలో బడికీ కళాకారుడికీ మధ్య ఒక సమన్వయకర్త ఉండేవాడు. ప్రభుత్వ నిధులు ఆగిపోవడంతో 2011లో ఆ పథకం ముగిసింది. జీతాల పట్టికలో లేని ఉద్యోగం నిధులతో పాటే పోతుందని దాన్ని బట్టి తెలుస్తుంది.

ఎవరికి ఏం తెలుసు

కళాకారుడికి పదార్థం తెలుసు. బంకమన్ను ఎంత తడి ఉంటే సాగుతుంది, ఎప్పుడు పగులుతుంది, తోలు ఎంత పలచనైతే వెలుగు దిగుతుంది అన్నవి అతని చేతికి తెలిసిన విషయాలు. టీచరుకు పిల్లలు తెలుసు. ఎవరు కొత్త మనిషిని చూస్తే బిగుసుకుంటారు, ఎవరికి జిగురు తగిలితే ఏడుపొస్తుంది, ఎవరు పక్కవాడి బొమ్మ చూసి గీస్తారు అన్నది ఆమెకే తెలుసు.

ఒకరి చోటులోకి ఒకరు జరిగినప్పుడు తేడాలొస్తాయి. కళాకారుడు ఏనుగు గీసి చూపిస్తే గదిలో ఇరవై అవే ఏనుగులు పుడతాయి. నాలుగేళ్ల పిల్ల చేయి ఆ గీతను పట్టుకోలేదు. తన ఏనుగు తప్పని తేల్చుకుని, గీసి పెట్టమని కాగితం చాపుతుంది. చూపించాల్సింది పద్ధతి, ఫలితం కాదు. కుంచె నీళ్లలో ముంచి అంచుకు రాసి అదనపు రంగు తీసేయడం చూపించవచ్చు, ఏనుగును చూపించకూడదు. టీచరు వైపు నుంచి జరిగే తప్పు వేరే రకం. గది నిశ్శబ్దంగా ఉంచడానికి ఆమె వెనక నిలబడి పిల్లలను అదుపు చేస్తూ ఉండిపోతుంది. అప్పుడు ఆమె చెవికి పిల్లల మాట చేరదు.

పని విభజన ఇలా ఉంటే నడుస్తుంది. పిల్లలతో పని జరిగేటప్పుడు పదార్థం దగ్గర కళాకారుడు ఉంటాడు. టీచరు అదే గుంపులో నేల మీద కూర్చుని పిల్లలు అన్న మాటలను అన్నట్టే నోటుబుక్కులో రాస్తుంది. ఆమె రాసింది, అతను చేతుల్లో గమనించింది సాయంత్రం ఒకచోట కలుస్తాయి. తరవాతి రోజు ఏం పెట్టాలో ఆ కలయికలోంచి వస్తుంది.

ఏ వయసులో ఏం అడగవచ్చు

పిల్లల బొమ్మలను అధ్యయనం చేసిన కళా విద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో చెప్పిన దశలు ఇప్పటికీ పనికొస్తాయి. సుమారు 2 నుంచి 4 ఏళ్లు గీతల దశ, 4 నుంచి 7 ఏళ్లు ఆకారం తొలిసారి పొడసూపే దశ. 3 ఏళ్ల పిల్లకు పొట్టి లావు క్రేయాన్ కావాలి, పిడికిలితో పట్టుకుంటుంది కాబట్టి. 4 ఏళ్ల దగ్గర తలకాయ నుంచే కాళ్లు దిగే మనిషి బొమ్మ వస్తుంది, దాన్ని సరిదిద్దకూడదు. మొద్దు మొన కత్తెర 4 దాటాక, అదీ మొదట పల్చటి అట్టను చిన్న కత్తిరింపులుగా. కాగితం పెద్దదిగా, ఏ3కు (దాదాపు 30×42 సెంటీమీటర్లు) తగ్గకుండా ఉండాలి. చిన్న పిల్లల గీత భుజం నుంచి వస్తుంది, మణికట్టు నుంచి కాదు. చిన్న కాగితం ఇస్తే గీత బల్ల మీదికి పోతుంది.

దగ్గరగా ఒక ప్రాజెక్టు: నీడ

ఆంధ్రప్రదేశ్‌లో తోలుబొమ్మలాట ఇంకా వృత్తిగా ఉన్న ఊళ్లలో ఒకటి సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట. మేకతోలును పలచగా గీకి, వెలుగు దిగేలా చేసి, రెండు వైపులా రంగులు వేసి, నగల చోట రంధ్రాలు పొడుస్తారు. ఒక్కో బొమ్మ మనిషంత ఎత్తు ఉంటుంది. దాన్ని తెర వెనక ఆనించి ఆడిస్తారు. ఒకప్పుడు వెలుగు ఆముదం దీపాలది.

ఈ కళాకారుణ్ణి బడికి పిలిస్తే మొదట వచ్చే ఆలోచన రామాయణ ఘట్టం ఆడించడం. పిల్లలు సంతోషిస్తారు, ఆ ఆట చూడటం మంచిదే. 5 ఏళ్ల పిల్లల ప్రాజెక్టు మాత్రం ఆ ఆటతో కాక నీడతో మొదలవ్వాలి. కారణం ఉంది. పిల్లలు నీడను ఎలా వివరిస్తారో స్విస్ మనోవిజ్ఞాని పియాజే 1920ల్లోనే పరిశీలించాడు. నీడ వస్తువులోంచి బయటికి వచ్చే ఒక పదార్థమని చిన్న పిల్లలు అనుకుంటారు. వెలుగు ఆగిన చోటు నీడ అన్న అవగాహన 8, 9 ఏళ్లకు గానీ సరిగ్గా నిలవదు. కాబట్టి 5 ఏళ్ల పిల్లకు సూత్రం చెప్పి ప్రయోజనం లేదు. చూసి మళ్లీ చూసే అవకాశం ఇవ్వడమే పని.

కావలసినవి తక్కువ. ఒక తెల్లటి నూలు పంచె, దాదాపు 2 మీటర్ల పొడవు. పైనా కిందా వెదురు కర్రలు. నీళ్లు చల్లి బిగించి కట్టి ఆరనిస్తే ముడతలు పోతాయి. ముడత ఉంటే నీడ మెలి తిరుగుతుంది, పిల్లలు దాన్నే చూస్తూ ఉండిపోతారు. వెలుగుకు ఒక చిన్న ఎల్‌ఈడీ టార్చి లేదా ఫోన్ ఫ్లాష్, తెరకు 3 మీటర్ల దూరంలో, పిల్లల భుజం ఎత్తులో.

ట్యూబ్‌లైట్ పెట్టి చూసి నీడ పడటం లేదని వదిలేసే బడులు చాలా ఉంటాయి. దానికి కారణం లెక్కలో ఉంది. నీడ అంచు ఎంత మసకబారుతుందన్నది వెలుగు ఎంత వెడల్పు ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. వెలుగుకు 2 మీటర్ల దూరంలో, తెరకు 1 మీటరు దూరంలో చేయి పెట్టారనుకుందాం. 120 సెంటీమీటర్ల ట్యూబ్ అడ్డంగా ఉంటే అంచు 60 సెంటీమీటర్ల మేర కరిగిపోతుంది, అంటే చేయే కనబడదు. అర సెంటీమీటరు ఫోన్ ఫ్లాష్ అయితే పావు సెంటీమీటరు. పరిమాణం లెక్క కూడా ఇలాంటిదే. వెలుగు తెరకు 3 మీటర్లలో, 20 సెంటీమీటర్ల అట్టబొమ్మ వెలుగుకు 1 మీటరులో ఉంటే నీడ 60 సెంటీమీటర్లు. బొమ్మను వెలుగు వైపు జరిపితే పెరుగుతుంది, తెరకు ఆనిస్తే సరిగ్గా దాని సైజుకు దిగుతుంది. తోలుబొమ్మను తెరకు ఆనించి ఆడించడంలోని గుట్టు ఇదే: నెత్తిన ఎన్ని దీపాలున్నా అంచు చెదరదు, రంగు పలుచబడదు.

గదిని పూర్తిగా చీకటి చేస్తే కొందరు చిన్నవాళ్లు జడుసుకుంటారు. ఒక కిటికీ రెక్క ఓరగా ఉంచితే చాలు, నీడకు ఇబ్బంది లేదు. వేడెక్కే హాలోజన్ దీపాలు వద్దు. తీగ నేల మీద ఉంటే టేపు వేసి అతికించాలి.

ఆరు వారాల నడక ఇలా ఉంటుంది. మొదటి వారం బడి ఆవరణలోనే. పొద్దున 9కి, మధ్యాహ్నం 12కి, 3కి ఒకే పిల్ల ఒకే చోట నిలబడితే, పక్కనున్న పిల్లలు ఆమె నీడ చుట్టూ సుద్దముక్కతో గీస్తారు. మధ్యాహ్నం గీత బాగా పొట్టిదై కాళ్ల వైపు వచ్చేస్తుంది. అప్పుడు పిల్లలు చెప్పే కారణాలు టీచరు రాసుకోవాలి, సరిదిద్దకూడదు. చాలామంది గీసిన నీడకు కళ్లూ నోరూ పెడతారు. ఆ పొరపాటు దొరకడం టీచరుకు లాభం. నీడలో కళ్లు కనబడతాయా అన్న ప్రశ్నతో రెండో వారం లోపలికి, తెర దగ్గరికి వెళ్లవచ్చు. మూడో వారం పిల్లలు మిఠాయి డబ్బా అట్ట కత్తిరించి సొంత ఆకారాలు చేస్తారు. చీపురు పుల్ల వంగిపోతుంది కాబట్టి 30 సెంటీమీటర్ల వెదురు పుల్ల కావాలి. ఒక్కచోటే టేపు వేస్తే బొమ్మ గిర్రున తిరుగుతుంది, రెండుచోట్ల వేయాలి.

నాలుగో వారం కళాకారుడి అసలు సందర్భం. నీడ నల్లగానే ఉండాలా అని ఎవరో ఒకరు అడిగే దశ అది. అప్పటిదాకా తీయని తోలుబొమ్మను అతను అప్పుడు తీస్తాడు. తెర మీద ఎరుపూ ఆకుపచ్చా దిగడం పిల్లలు చూస్తారు. వెంటనే తోలు పని నేర్పకుండా, మామూలు తెల్ల కాగితం మీద దూదితో రెండు చుక్కల వంటనూనె రాయించాలి. నూనె కాగితం పోగుల మధ్య ఖాళీలు నింపుతుంది, వెలుగు చెదరడం తగ్గి కాగితం తేటపడుతుంది. మేకతోలును పలచన చేయడం దీనికి అన్న వరస. నూనె ఎక్కువైతే తెరకు మరకలు పడతాయి, పాత వార్తాపత్రిక మధ్య పెట్టి ఒత్తి, ఒక రాత్రి ఆరనివ్వాలి. రంగు నూనెకు ముందే వేయాలి. తరవాత వేస్తే నీళ్లరంగు అంటదు.

చివరి రెండు వారాలు కథ. కథ పిల్లలది. పెద్దవాళ్లు కథ ముందే ఇస్తే పిల్లలు డైలాగు మరిచిపోతామన్న భయంతో బొమ్మ ఎటు తిరిగిందో చూడరు.

మట్టిలో జరిగే తప్పులు

కుమ్మరి వస్తే బడివాళ్లు ముందు అడిగేది సారె. తిరిగే సారె మీద ముద్దను మధ్యకు తేవడానికి భుజబలం, ఒడుపు రెండూ కావాలి, 6 ఏళ్ల లోపు పిల్లలకు అది పట్టుబడదు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, పిల్ల చేతికి వచ్చేది ఏమీ ఉండదు. చేత్తో ఒత్తే పని ఈ వయసుకు సరి.

ఒక్కో పిల్లకు అర కిలో నుంచి కిలో బంకమన్ను ఇవ్వాలి. నిమ్మకాయంత ముద్ద ఇస్తే వేళ్లు మాత్రమే పనిచేస్తాయి, కిలో ఇస్తే అరచేయి, మోచేయి కదులుతాయి. ముద్దను బొటనవేలితో నొక్కినప్పుడు అంచు పగిలితే ఎండింది, వేలికి అంటితే తడి ఎక్కువైంది. కింద గోనెపట్టా పరిస్తే మట్టి బల్లకు అంటదు. నీళ్ల గిన్నె మాత్రం పెట్టకూడదు. గిన్నె కనబడితే పది నిమిషాల్లో మట్టి అంబలి అవుతుంది. తడిపిన స్పాంజి ముక్క చాలు.

చేతులూ కాళ్లూ రాలిపోవడం పిల్లలను బాగా నిరాశపరిచే విషయం. తడి మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. ముందే ఆరిన ముక్కకు తడిముక్క అతికిస్తే రెండూ వేర్వేరు వేగంతో లాగి విడిపోతాయి. రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, మజ్జిగంత పలచటి మట్టి పూసి, అదిమితే నిలబడుతుంది. కళాకారుడు ఈ ఒక్క పద్ధతి నేర్పినా ఆ పిల్లలకు తరవాతి ఏడాదంతా పనికొస్తుంది. కుమ్మరి ఆవంలో కాల్చాలనుకుంటే మందం 2 సెంటీమీటర్లు దాటకూడదు, వారం పైన నీడలో ఆరాలి. లోపల తడి మిగిలితే ఆవిరై బొమ్మను పేలుస్తుంది. ఎండిన మట్టిపొడిని చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఆ దుమ్ములో ఊపిరితిత్తులకు చేటు చేసే సిలికా ఉంటుంది, పిల్లల ముక్కు నేలకు దగ్గర.

రంగుల్లో ఇంకో జాగ్రత్త. కళాకారుడు తన పనికి వాడే కొన్ని వర్ణకాల్లో సీసం ఉండవచ్చు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) మించకూడదని భారత ప్రభుత్వ నిబంధన 2017 నుంచి అమల్లో ఉంది. విడిపొడి వర్ణకాలు ఆ నిబంధన కిందికి రావు. చేర్యాల నకాషీ కళాకారులు వాడే చింతగింజల జిగురు, రంపపు పొట్టు మిశ్రమం పిల్లల చేతికి మంచిదే. ఎండాకాలం రెండు రోజులకే పులిసి వాసన వేస్తుంది కాబట్టి ఏ రోజుకు ఆ రోజు కలపాలి.

గంటల లెక్క, మనుషుల లెక్క

ఒక రోజు రాకను విడదీస్తే: సర్దడానికి అరగంట, అయిదుగురు పిల్లల గుంపుతో 45 నిమిషాలు, మరో గుంపుతో 45 నిమిషాలు, పిల్లలు వెళ్లాక టీచరుతో గంట. మొత్తం 3 గంటలు. వారానికొక రాక చొప్పున ఆరు వారాలకు 18 గంటలు, అందులో పిల్లల ముందు గడిచేవి 9. చాలా ఏర్పాట్లు ఆ తొమ్మిది గంటలకే డబ్బు ఇస్తాయి. మిగతా తొమ్మిది గంటలూ కళాకారుడు రెండో వారం దాకా ఊరికే చేస్తాడు, మూడో వారం నుంచి బస్సు వేళ చూసుకుంటాడు. ఇది అతని తప్పు కాదు. చెల్లింపు 18 గంటలకు ఉంటే తప్ప మిగతా సలహాలేవీ పనిచేయవు.

మనుషుల లెక్క ఇంకా కష్టం. ఇరవై మందిలో అయిదుగురితో టీచరు కూర్చుంటే మిగతా పదిహేను మందిని ఎవరు చూస్తారు? ఏకోపాధ్యాయ బడిలో ఈ పద్ధతి ఉన్నది ఉన్నట్టు నడవదు. అంగన్‌వాడీలో టీచరు, ఆయా ఇద్దరున్నా పొద్దున ఆయా వంటలో ఉంటుంది. కాబట్టి కళాకారుడి వేళ అన్నం తరవాతకు మార్చి, నిద్రపోని పెద్ద పిల్లలతో ఒక్క గుంపే పెట్టుకోవడం వీలైన దారి. గుంపును అయిదు నుంచి పదిహేనుకు పెంచడం మాత్రం పరిష్కారం కాదు. పదిహేను మందిలో టీచరు నోటుబుక్కు ఖాళీగా ఉంటుంది.

రెండు నియమాలను మొదటి రోజే రాసుకోవాలి. బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి, ఎంత పేరున్నవాడైనా, పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. ఫొటోలకు తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతి కావాలి. పిల్లల ముఖాల కన్నా చేతులనూ పనినీ తీస్తే ప్రాజెక్టుకు అవే ఎక్కువ ఉపయోగం.

గోడ మీద ఏం పెట్టాలి

రెజ్జో బడుల గోడల మీద పిల్లల బొమ్మ పక్కన ఆ పిల్ల అన్న మాట, పని జరుగుతున్నప్పటి ఫొటో, టీచరు రాసిన రెండు వాక్యాలు ఉంటాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు. అమ్మ సాయంత్రం పిల్లను తీసుకెళ్లేటప్పుడు ఆగి చదువుతుంది. ఇంటికి బొమ్మ రాలేదన్న ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుంది. నీడల ప్రాజెక్టులో మొదటి వారం కళ్లు పెట్టిన నీడబొమ్మ, నాలుగో వారం కళ్ల చోట రంధ్రం పొడిచిన అట్టబొమ్మ పక్కపక్కన అతికిస్తే చాలు. ఆ రెండింటి మధ్య పిల్ల ఎంత దూరం నడిచిందో చదువురాని అవ్వ కూడా చూసి చెప్పగలదు.

మన బడుల్లో ఈ గోడ సాధారణంగా వార్షికోత్సవానికి తయారవుతుంది. తేదీ ముందే ఖాయం కావడంతో ఆఖరి వారం టీచరూ కళాకారుడూ పిల్లల చేతుల్లోంచి బొమ్మలు తీసుకుని తామే పూర్తి చేస్తారు. ప్రాజెక్టు ముగింపును వార్షికోత్సవానికి కనీసం మూడు వారాల ముందే పెట్టుకోవడం దీనికి సులువైన మందు.

ఏడో వారం కళాకారుడు రాడు. పంచె, కర్రలు, టార్చి, వెదురు పుల్లలు, మిగిలిన అట్టలు ఒక ట్రంకు పెట్టెలో పెట్టి టీచరుకు ఇచ్చి వెళ్లి ఉంటాడు. పెట్టె మూత లోపలి వైపు మూడు కొలతలు అతికించి ఉండాలి: తెరకు వెలుగు దూరం, వెలుగు ఎత్తు, పుల్ల పొడవు. ఆ వారం టీచరు ఒక్కతే తెర కట్టి, అయిదుగురు పిల్లలను కూర్చోబెట్టి, నోటుబుక్కు తెరవగలిగితే ప్రాజెక్టు ఆ బడిది అయినట్టు. ఆమెకు ఎక్కడ చిక్కు వచ్చిందో ఎనిమిదో వారం ఫోన్‌లో అరగంట మాట్లాడుకోవడాన్ని కూడా ఒప్పందంలో, గంటల లెక్కలోనే రాయాలి.